తమ్ముడి తలకు రెండో ఫొటో

సిరిసిల్ల నుంచి సికింద్రాబాదు ఎంత దూరమని అడిగితే మా ఊళ్ళో కిలోమీటర్లలో ఎవరూ చెప్పరు. పొద్దున పోతే మాపటికి ఇంట్లో పడొచ్చు అంటారు. నూలు కోసమో, పెళ్ళి బట్టలకో, ఆస్పత్రికో వారానికి రెండుసార్లు పోయివచ్చేవాళ్ళున్న ఊరు మాది. అలాంటి ప్రయాణం గురించి కూడా రాయాలా అని మా ఆవిడ అడిగింది. రాయాలనే అన్నాను. మూడు రోజుల పాటు నేనూ మా తమ్ముడూ తిరిగిన సికింద్రాబాదును మా ఊరివాళ్ళు చూసి ఉండరు.

ముందు మనుషుల సంగతి చెప్పేస్తాను. నేను లక్ష్మీరాజాన్ని. యాభై రెండేళ్ళు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. నోరు కాస్త పెద్దది. ఇన్నేళ్ళు పిల్లల ముందు అరిచిన గొంతు, ఇంట్లోనూ తగ్గదు. మా తమ్ముడు నర్సింలుకు ముప్పై ఎనిమిది. పుట్టుకతో ఆటిజం. మాట తక్కువ, చూపు నేల మీద, వేళ్ళ మధ్య ఎప్పుడూ ఒక దారపు ముక్క. పన్నెండేళ్ళ కింద, వాడికి ఇరవై ఆరున్నప్పుడు, సికింద్రాబాదులో ఒక పరిశోధన కోసం వాడి తలకు ఎమ్మారై తీశారు. ఆటిజం ఉన్నవాళ్ళ మెదడు వయసుతో పాటు ఎలా మారుతుందో తెలుసుకోవడానికట. అదే మనిషికి రెండో ఫొటో కావాలని ఈ మధ్య ఫోన్ చేశారు.

నేను ఒప్పుకున్నది శాస్త్రం మీద ప్రేమతో కాదు. అల్వాల్‌లో ఉండే మా మేనకోడలు స్రవంతి, ఇలాంటి పెద్దవాళ్ళను ఉంచుకునే హోమ్ ఒకటి యాప్రాల్‌లో చూసింది. మా తమ్ముడి పేరు మీద ఒక సీటు ఆపించింది. శనివారం లోపల అవునో కాదో చెప్పాలి. అమ్మ పోయి పదేళ్ళయింది. నాకు బీపీ, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వయసు పెరిగేకొద్దీ వీడు ఇంకా వెనక్కి పోతాడా అని డాక్టర్‌ను ఒక్క ముక్క అడగాలనుకున్నాను. పోతాడంటే, యాప్రాల్‌లో వదిలి రావాలి. అదీ నా నిర్ణయం. గురువారం పొద్దున బస్సెక్కాం.

ప్రజ్ఞాపూర్‌లో మక్క గారెలు

మా ఊరు దాటేదాకా సాంచాల చప్పుడు బస్సు వెంట వస్తుంది. కరెంటుతో నడిచే మగ్గాన్ని మేము సాంచ అంటాం. ఒక్కో షెడ్డులో పది, ఇరవై ఉంటాయి. కొత్తవాళ్ళకు పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. మా నాన్న సాంచ నడుపుతూనే చనిపోయాడు. నేను చదువుకుని బయటపడ్డాను. నర్సింలు మాత్రం అమ్మ పోయినప్పటి నుంచీ, పొద్దంతా మా వీధి చివర కొమురయ్య షెడ్డులో కూర్చుంటున్నాడు. కొమురయ్య మంచివాడు, పొమ్మనడు. వాడక్కడ ఏం చేస్తాడని నేనెప్పుడూ అడగలేదు. కళ్ళ ముందు ఉంటాడు, అది చాలనుకున్నాను.

సిద్దిపేట దాటాక నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. మా దిక్కు బస్సుల్లో ఉన్న గొప్పతనం ఏమిటంటే, పేరు అడగకముందే సంసారం అడుగుతారు.

"ఆ కిటికికాడ పిలగాడు నీ కొడుకా?"

"తమ్ముడు."

"లగ్గమైందా?"

"కాలేదు."

"అట్లనే ఉంచుతవా ఏంది?" అని నన్ను ఎగాదిగా చూసింది. ఆటిజం అని చెప్పాను. ఆమెకు ఆ మాట తెలియదు. కానీ మనిషి అర్థమయ్యాడు. సంచీలోంచి ఒక జామకాయ తీసి, నన్ను దాటించి వాడి ఒళ్ళో పెట్టింది. నాకు పెట్టలేదు.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగినప్పుడు మొక్కజొన్నతో చేసిన మక్క గారెలు తిన్నాం. నలభై రూపాయలకు నాలుగు. మా సిరిసిల్లలో ఆ డబ్బుకు ఆరొస్తాయి, పైగా ఉల్లిగడ్డ కొసరు వేస్తారు. కానీ వేడి వేడిగా, పచ్చిమిర్చి పంటి కింద పడుతుంటే ధర గురించి మాట్లాడడం తప్పని ఒప్పుకుంటున్నాను. నర్సింలు ఒకటి తిని, రెండోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా అంతా నూనె. నేను కోప్పడ్డాను. వాడు జేబు మీద చెయ్యి తీయలేదు.

అల్వాల్, నాలుగో అంతస్తు

బస్సు అల్వాల్ మీదుగానే పోతుంది, అక్కడే దిగమని స్రవంతి నాలుగుసార్లు ఫోన్ చేసింది. టికెట్ జూబ్లీ బస్టాండు దాకా కొన్నాను కదా, నడుమ దిగడానికి మనసొప్పలేదు. అక్కడిదాకా పోయి, ఆటోకు మళ్ళీ డబ్బులు పోసి వెనక్కి వచ్చాం. స్రవంతి తలుపు తీస్తూనే నవ్వింది.

"రాజం మామ, నువ్వు మారవ్."

మా అక్క కూతురు. బ్యాంకులో పని చేస్తుంది. మా ఇంట్లో అందరికంటే సూటిగా మాట్లాడేది అదే. నర్సింలును చిన్న మామ అని పిలిచి, వాడికి ఇష్టమని పప్పుచారు విడిగా చేసి పెట్టింది. మాకు బగార అన్నం, కోడికూర.

అపార్టుమెంటులో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మా ఊళ్ళో పగటిపూట తలుపు మూసి ఉందంటే ఇంట్లో ఎవరో చచ్చారనో, అందరూ పెళ్ళికి పోయారనో అర్థం. ఇక్కడ ఎదురింటాయన పేరు కూడా స్రవంతికి తెలియదు. ఆ సంగతి గర్వంగానే చెప్పింది.

తిన్నాక అసలు మాటకు వచ్చింది.

"మామ, ఆ హోమ్ చానా పీస్‌ఫుల్‌గ ఉంటది. చప్పుడే ఉండదు. ఇసొంటోళ్ళకు చప్పుడు పడదంటరు గద. మీ ఊర్ల ఆ సాంచాల మధ్య చిన్న మామ ఎట్ల ఉంటున్నడో ఏమో."

నాకూ అదే నిజమనిపించింది. పుస్తకాలు చదివినవాణ్ణి కదా, చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లల గురించి చదివే ఉన్నాను. నర్సింలు అప్పటికే మూడుసార్లు సోఫాలోంచి లేచాడు. వంటింట్లోకి తొంగిచూశాడు, ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కొత్త చోటు కదా అనుకున్నాం.

మొలతాడు ముడి

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే ఆస్పత్రికి చేరాం. పేరెందుకు లెండి, సికింద్రాబాదులో ఆస్పత్రులకు కరువా. స్కానింగు గది దగ్గర షబానా అనే అమ్మాయి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళది జనగామ అట, అందుకే మా మాట విని మొహం విప్పారింది.

"అంకుల్, ఒంటి మీద ఇనుము, రాగి, ఏదున్నా తియ్యాలె. ఉంగరం, కడెం, బెల్టు. ఏం లేవు గదా?"

లేవన్నాను. చేతిలో పట్టుకునే పరికరంతో నర్సింలును తడిమింది. నడుము దగ్గర కుయ్యిమంది. మొలతాడుకు రాగి తాయత్తు ఉంది. అమ్మ కట్టింది, ఎప్పుడో. నూనెకూ చెమటకూ ముడి రాయిలా బిగిసిపోయింది. నేను గోరుతో గీకాను, షబానా ప్రయత్నించింది, చివరికి ఆమె కత్తెర తెచ్చింది. కత్తెర చూడగానే నర్సింలు వెనక్కి జరిగి, తనే చెయ్యి పెట్టాడు. బొటనవేలితో ముడిని ఒకసారి నొక్కి, రెండో వేలు లోపలికి తోశాడు. విడిపోయింది. ఎంతసేపు పట్టిందో చెప్పడానికి నేను గడియారం చూసేంత టైము కూడా ఇవ్వలేదు.

"అబ్బా," అంది షబానా.

బల్ల మీద పడుకోబెట్టి, చెవులకు దూది లాంటివి పెట్టి, తలకు చట్రం బిగించి, గొట్టంలోకి పంపింది. నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. నేను గాజు కిటికీ ఇవతల ఆమె పక్కన కూర్చున్నాను. మెషీను మొదలైంది. ఎంత చప్పుడంటే, నా పళ్ళు జిల్లుమన్నాయి. ఇక వీడు అరుస్తాడు, తంతాడు, బయటికి దూకుతాడు అనుకుని లేచి నిలబడ్డాను. వాడు కదలలేదు. పాదాలు కూడా వదులుగా ఉన్నాయి.

అయిదు నిమిషాలకు మెషీను ఆగింది. ఒక రకం ఫొటోకూ ఇంకో రకానికీ నడుమ కాసేపు నిశ్శబ్దంగా ఉంటుందట. ఆ నిశ్శబ్దంలో నర్సింలు కాళ్ళు కదిలాయి. లేచి రావడానికి చూస్తున్నాడు. షబానా మైకులో, "అన్నా, పండుకో, ఇంకా ఉంది," అంది. పడుకున్నాడు. మళ్ళీ చప్పుడు, మళ్ళీ బొమ్మలా ఉన్నాడు. మళ్ళీ ఆగింది, మళ్ళీ లేచాడు. మూడోసారి తల చట్రానికి కొట్టుకుంది. ఆమె ఆపేసింది.

"కదిలితే ముందు తీసింది సుత పనికి రాదు అంకుల్, తల పొజిషన్ మారిపోతది. సాయంత్రం నాలుగింటికి ఇంకో స్లాట్ ఉంది. చూద్దాం." కంప్యూటర్‌లో పాత కాగితం తీసి చదివి, తల ఊపింది. "పోయినసారి అసలు కదల్లేదని రాసిన్రు. ఫుల్ కోఆపరేషన్ అని. ఇప్పుడేమైందో."

ఏమైందో నాకు తెలిసినట్టే అనిపించింది. ఇరవై ఆరేళ్ళప్పుడు కదలకుండా పడుకున్నవాడు ముప్పై ఎనిమిదికి పడుకోలేకపోతున్నాడు. అంటే వెనక్కి పోతున్నాడు. డాక్టర్‌ను అడగక్కర్లేకుండానే జవాబు దొరికింది. ఇక్కడొక నిజం రాయాలి, రాయకపోతే ఈ ప్రయాణం రాసి లాభం లేదు. నాకు బాధ వేసింది, దాని కిందే కాస్త తేలికగా కూడా అనిపించింది. యాప్రాల్‌లో వదిలి రావడానికి ఒక కారణం దొరికింది కదా. ఆ తేలికదనానికి సిగ్గు కూడా పడ్డాను.

బన్సీలాల్‌పేట్ బావి, దాని పక్క సందు

నాలుగింటి దాకా ఏం చేయాలి? ముందు ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. ఇరవై అయిదు రూపాయలు, మా ఊళ్ళో పది. కానీ మా ఊరి చాయ్‌లో ఈ చిక్కదనం లేదు, ఉన్న మాట చెప్పాలి. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచితే విరిగి పడిపోవడం నాకు రెండుసార్లు జరిగింది. నర్సింలుకు ఒక్కసారీ జరగలేదు.

తర్వాత బన్సీలాల్‌పేట్ మెట్ల బావికి వెళ్ళాం. చెత్తతో పూడిపోయి ఏళ్ళ తరబడి కనపడకుండా ఉన్న బావిని తవ్వి బాగు చేశారని పేపర్లో చదివాను. నిజంగానే అందంగా ఉంది. రాతి కమానులు, అడుగున ఆకుపచ్చ నీళ్ళు. పిల్లలకు చెప్పడానికి పనికొస్తుందని కొలతలూ అవీ గోడ మీది బోర్డు చూసి రాసుకుంటున్నాను. నర్సింలు ఒక మెట్టు మీద, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పక్క సందులో ఏదో మోటారు నడుస్తున్న చప్పుడు లయగా వినిపిస్తోంది. వాడి మొహం ప్రశాంతంగా ఉంది.

చప్పుడు ఆగింది. నేను గమనించనే లేదు. గమనించింది వాడు. తలెత్తి చూసేసరికి మెట్టు మీద లేడు.

పైకి ఉరికాను. చెప్పు తెగింది. ఒక చెప్పుతోనే సందులో పడ్డాను. నాలుగు ఇళ్ళ అవతల పిండి గిర్ని ఉంది. మా తమ్ముడు గిర్ని లోపల, మెషీను పక్కన వంగి, దాన్ని తిప్పే పట్టా కింద చూస్తున్నాడు. గిర్నీ ఆయన, ఒళ్ళంతా పిండి రాలుతున్న పెద్దమనిషి, నడుం మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"ఏం గావాలె భాయ్?"

"ఆగింది," అన్నాడు నర్సింలు.

"గోదుమలు ఒడిసినయ్, అందుకే బంద్ జేసిన. తెగలే, చెడలే."

"తెగలే?"

"తెగలే."

నర్సింలు పట్టాను ఒకసారి వేలితో తాకి, సరేనన్నట్టు బయటికి వచ్చి, నన్ను దాటుకుని, బావి మెట్టు మీదికి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. ఇక లేవలేదు.

నేను మాత్రం ఆ గిర్ని గడప మీద కూలబడ్డాను. గిర్నీ ఆయన చెంబుతో నీళ్ళిచ్చాడు. సాంచ నడుస్తున్నంతసేపూ మనిషికి పని లేదు. అడ్డపోగు తెగితే సాంచ ఆగుతుంది. ఆగిన సాంచ దగ్గరికి మనిషి లేచి పోవాలి, పోగు సరిచేయాలి, మళ్ళీ నడిపించాలి. ఇది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి దాన్ని మరిచిపోయాను. మా తమ్ముడు కొమురయ్య షెడ్డులో ఊరికే కూర్చోవడం లేదు. పదేళ్ళుగా చప్పుడు ఆగిన ప్రతిసారీ లేస్తున్నాడు.

పన్నెండేళ్ళ కింద గొట్టంలో కదలకుండా పడుకున్నాడంటే, అప్పటికి వాడికి ఆ పని రాదు కాబట్టి.

బీము మారుస్తున్నరు

నాలుగింటికి షబానాకు ఇదంతా చెప్పాను. గడగడా చెప్పాను, తరగతి గదిలో లాగా. ఆమె ఓపికగా వింది.

"మరి ఆగినప్పుడు ఏమంటే లేవడు అంకుల్?"

మంచి ప్రశ్న. సాంచ ఆగినా మనిషి లేవక్కర్లేని సందర్భం ఒకటుంది. నిలువు నూలు చుట్టిన పెద్ద దిమ్మెను బీము అంటాం. అది అయిపోతే కొత్తది ఎక్కించడానికి వేరే మనిషి వస్తాడు. అది వాడి పని. అప్పటిదాకా సాంచ చూసేవాడు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

నర్సింలు చెవి దగ్గర వంగి చెప్పాను. "అరేయ్, అండ్ల పోగులు తెగవు. ఆగిందంటే బీము మారుస్తున్నరు. నువ్వు లేవద్దు."

"ఎవలు మారుస్తున్నరు?"

"ఆ అమ్మాయి."

వాడు షబానా మెడ దాకా చూశాడు, మొహం దాకా చూపు రాదు. "మంచిది," అన్నాడు.

మెషీను ఆగిన ప్రతిసారీ ఆమె మైకులో అంది, "నర్సింలన్నా, బీము మారుస్తున్న, జెర ఆగు." మొదటిసారి వాడి కాలు కదిలి, ఆగింది. తర్వాత అదీ లేదు. నలభై నిమిషాలు. చివరి ఫొటో పడగానే షబానా కుర్చీలో వెనక్కి వాలి, "వచ్చేసింది అంకుల్, మస్తు క్లియర్‌గ వచ్చింది," అంది. నాకు కళ్ళు తడిశాయి. దాచుకోలేదు కూడా.

బయటికి వచ్చి నర్సింలు తాయత్తు తిరిగి కట్టుకున్నాడు, వేసింది అమ్మ వేసిన ముడే. తర్వాత జేబులోంచి నిన్నటి మక్క గారె తీసి షబానాకు ఇచ్చాడు. గట్టిపడి రాయిలా ఉంది. ఆమె కొరికి తింది.

రెండు ఫొటోలు పక్కపక్కన

శనివారం పొద్దున పరిశోధన చూసే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, రెండు ఫొటోలను తెర మీద పక్కపక్కన పెట్టింది. నలభై అయిదేళ్ళ మనిషి, తొందర లేదు. నాకైతే రెండూ ఒకే వాల్‌నట్ కాయలా కనిపించాయి. నర్సింలు తెర దగ్గరికి పోయి రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

అడగాలనుకున్నది అడిగేశాను. చిన్నప్పుడు వీణ్ణి కరీంనగర్‌లో చూపిస్తే, అయిదేళ్ళకు మెదడు గట్టిపడిపోతుంది, ఇక ఇంతే అన్నారని చెప్పాను. మొక్కై వంగనిది మానై వంగునా అని ఇన్నేళ్ళు నేనూ అదే నమ్మానన్నాను.

ఆమె నవ్వింది. "అది మొక్కల సంగతి సార్. మెదడు సంగతి వేరే. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మొదటి రెండు మూడేళ్ళు మెదడు తోటి పిల్లలకంటే తొందరగా పెరుగుతది. తర్వాత ఆ స్పీడ్ తగ్గిపోతది, మిగతావాళ్ళు అందుకుంటరు. పెద్దయినంక మెదడు పైపొర అందరికీ పల్చబడుతది. వీళ్ళకు అది పల్చబడే తీరు కొన్ని చోట్ల వేరేగ ఉంటున్నట్టు కనబడుతోంది. కానీ అందరిలో ఒక్క తీరు లేదు. చిన్నపిల్లల గురించి చానా తెలుసు, పెద్దవాళ్ళ గురించి తక్వ తెలుసు. అందుకే మీ తమ్ముడి రెండో ఫొటో మాకంత ముఖ్యం."

"అయితే వీడు వెనక్కి పోతడా మేడం?"

"ఫొటో చూసి ఒక్క మనిషి గురించి నేను చెప్పలేను. చెప్పినోళ్ళను నమ్మకండి. ఒక్కటి మాత్రం నిజం. ఏ వయసులోనూ మెదడు ఆగిపోయి ఉండదు, మారుతనే ఉంటది." కలం తీసుకుని కాగితం ముందుకు లాక్కుంది. "ఈ పన్నెండేళ్ళల కొత్తగ ఏం నేర్చుకున్నడు?"

నిన్నటి దాకా అయితే ఏమీ లేదనేవాణ్ణి. "సాంచ చూస్తడు," అన్నాను, ఛాతీ కాస్త ముందుకు తెచ్చి.

"ఇంకా?"

"అంతే."

ఆమె రాసుకుంది.

యాప్రాల్

స్రవంతి కారులో యాప్రాల్ తీసుకుపోయింది. హోమ్ బాగుందనే చెప్పాలి. శుభ్రమైన గచ్చు, జామచెట్లు, మంచి వంట వాసన. నడిపే ఆవిడను అందరూ విజయ మేడం అంటున్నారు. మాటలోనూ చూపులోనూ కపటం లేదు. లోపల పన్నెండు మంది ఉన్నారు. ఒకాయన బొమ్మలు వేస్తున్నాడు, ఒకాయన హాయిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. కిటికీలకు మందం తెరలు, కుర్చీల కాళ్ళకు గుడ్డ. సూది పడితే వినపడుతుంది. చప్పుడు పడనివాళ్ళకు అది స్వర్గం. ఆ కళ్ళు మూసుకున్నాయన మొహం చూస్తేనే తెలుస్తుంది.

నర్సింలు కూర్చోలేదు. ఒక గదిలోకి పోయాడు, వచ్చాడు. రెండో గది. మూడో గది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"కొత్త గదా, మెల్లగ అలవాటైతది సార్," అన్నారు విజయ మేడం. అది కొత్త వల్ల కాదని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపల ఆవిడ వాడి ఎదురుగా కింద కూర్చుని, మేమెవరమూ ఇంతవరకూ వాణ్ణి అడగని మాట అడిగారు.

"నర్సింలూ, ఇక్కడ ఉంటవా?"

వాడు దారపు ముక్కను వేలికి చుట్టాడు. "సాంచాలెన్ని?"

"ఇక్కడ సాంచాలు లేవు నాన్నా."

"మరి ఏది ఆగింది?"

ఆవిడకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇక్కడ వాడు రోజంతా, ఏళ్ళ తరబడి, తెగని పోగు కోసం వెతుకుతూ తిరుగుతాడు. మేం దానికి కొత్త చోటు, అలవాటు అని మంచి పేర్లు పెట్టుకుంటాం.

వాడు ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు నిలబడ్డాడు. ఇంత పొడుగు మాట వాడి నోట నేను విని ఎరగను. మధ్యమధ్య ఆగి, నేలతో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఇంటికాడ పనుంది. పొద్దుగాల నల్లా నీళ్ళు పట్టాలె. వదినెకు మోకాళ్ళ నూనె వెచ్చ జెయ్యాలె. అన్నకు తెల్ల గోళి పళ్ళెంల పెట్టాలె. మరిచిపోతడు. కొమురయ్యకాడ ఆరో సాంచ, పదో సాంచ ఎక్వ ఆగుతయి. సూడాలె."

నా పళ్ళెంలో రోజూ బీపీ గోళీ పెట్టేది మా ఆవిడ అనుకుంటున్నాను. ఎన్నేళ్ళ నుంచో మరి. డాక్టరమ్మ ఇంకా అని అడిగితే అంతే అని చెప్పి గంటన్నర కాలేదు. వీణ్ణి నేను సాకుతున్నానని బంధువులంతా నన్ను మెచ్చుకుంటారు, నేనూ వద్దనకుండా మెచ్చుకోనిస్తాను.

విజయ మేడంకు దండం పెట్టి, సీటు వేరేవాళ్ళకు ఇమ్మని చెప్పాను. నిష్ఠూరపడలేదు ఆవిడ. "వెయిటింగ్‌ల నలుగురున్నరు సార్, వాళ్ళకు పనికొస్తది," అని, నర్సింలుకు జామకాయలు కోసి ఇచ్చారు. మళ్ళీ నాకు లేవు.

షామీర్‌పేట దాకా

తిరుగు దారిలో స్రవంతి హారన్ కొడుతూనే ఉంది. దానికి కోపం రావడం న్యాయమే. రెండు నెలలు తిరిగి సీటు ఆపించింది. ఈసారి బస్సు కోసం అల్వాల్‌లోనే దింపింది. బుద్ధి వచ్చింది నాకు. దిగాక కిటికీ అద్దం దించి అడిగింది.

"అంత మంచిగనే ఉంది మామ. కానీ నీ తర్వాత? అది చెప్పు."

దాని తప్పేం లేదు, ఆ ప్రశ్న పదేళ్ళుగా నా గుండెల మీద ఉన్నదే. బంధువులను అడిగాను, దేవుళ్ళను అడిగాను, చివరికి మెదడు ఫొటోను కూడా అడిగాను.

బస్సు వచ్చింది. జనం ఉన్నారు కానీ మాకు రెండు సీట్లు దొరికాయి. కిటికీ వాడికి, నడవ నాకు. కండక్టర్ టికెట్లు కొట్టి పోయాక, వాడి వైపు తిరిగి, మెల్లగా అడిగాను. నా గొంతుకు మెల్లగా మాట్లాడడం అలవాటు లేదు.

"నర్సిగా. నేను సచ్చిపోయినంక ఎట్లరా నీకు?"

వాడు వినలేదేమో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తున్నాడు. ఇళ్ళు పలచబడ్డాయి, పొలాలు మొదలయ్యాయి, షామీర్‌పేట చెరువు వచ్చింది. జవాబు ఆశించడం మానేసి చిల్లర లెక్క చూసుకుంటున్నాను.

"నేర్సుకుంట," అన్నాడు మా తమ్ముడు.